డప్పు దెబ్బ కింద పేరు

చిట్యాలలో హైవే పక్కన నాకొక టీ కొట్టుంది. పొద్దున్నే పొయ్యి వెలిగించి, దేవుడికి దండం పెట్టి, రేడియో పెడతాను. వినడానికి కాదు. రాత్రంతా బండి నడిపి వచ్చిన లారీ డ్రైవర్లకు మత్తు వదలాలంటే టీ ఒక్కటే చాలదు, తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఆ పనికి అల్లం కంటే రేడియో బాగా పనిచేస్తుంది.

మొన్న పండుగ పొద్దున ఆ ముక్క మళ్ళీ వేశారు. ముందు ఒకామె గొంతు, పాకంలో ముంచి తీసిన జిలేబీలాగా: "పల్లె తల్లి ఒడిలో, చుట్టపక్కాలు ఇంటికొచ్చిన వేళ, ఒక అవ్వ గుండెల్లోంచి పొంగిన ఆనందగీతం." తర్వాత డప్పు. డప్పు వెనకాల మా అవ్వ గొంతు.

బల్ల మీద కూర్చున్న కొత్త డ్రైవర్ గ్లాసు పట్టుకుని తల ఊపుతున్నాడు. "పాట మస్తుగున్నదక్కా. పెండ్లి పాటనా?"

"కాదు తమ్మీ. సావు పాట."

అతను టీలో ఏదో పడ్డట్టు గ్లాసులోకి చూసుకున్నాడు. పాతవాళ్ళు నవ్వారు. ఆ పాటలో ఒకచోట డప్పు మరీ గట్టిగా మోగుతుందనీ, ఆ దెబ్బ దగ్గర నా కొట్టులో ఏం జరుగుతుందనీ వాళ్ళకు తెలుసు. సరిగ్గా అప్పుడే తెల్ల కారొకటి వచ్చి కొట్టు ముందు ఆగింది. దిగిన మనిషిని చూసి నా చేతిలో టీ వడపోసే గుడ్డ అట్లాగే ఆగిపోయింది. ఆయన సంగతి, ఆ దెబ్బ సంగతి చివర చెబుతాను. ముందు చావు పాట పండుగ పాట ఎట్లా అయిందో చెప్పాలి.

నా వయసు చూస్తే ఇది చిన్ననాటి ముచ్చట్లు రాసుకునే వయసు కాదంటారు. నిజమే, నెత్తి ఇంకా నెరవలేదు. కానీ ఒక లోకం మాయమవడానికి మనిషి ముసలయ్యేదాకా ఆగాలని ఎవరన్నారు? మా లోకాన్ని ఒక జేసీబీ మధ్యాహ్నం అన్నం వేళకల్లా లేపేసి, వేప చెట్టు నీడకు పోయి నిలబడింది.

హైవే దిగి లోపలికి పోతే గుట్టల నడుమ మా ఊరు. మాది గొర్రెల ఇల్లు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. తడిసిన ఉన్ని వాసన, గొంగడికి పట్టించిన చింతగింజల గంజి వాసన, పొయ్యి మీద జొన్న రొట్టె అంచు మాడే వాసన. చుట్టాలు వస్తే మొదటి పూట ముక్కు మూసుకునేవాళ్ళు, రెండో పూటకు రొట్టెలోకి తలకాయ కూర నంజుకుంటూ ఇంకో నాలుగు రోజులుంటామనేవాళ్ళు.

బాపుకు ఒక రేడియో ఉండేది. ఊరందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చినా బాపు దాన్ని వదల్లేదు. తోలు సంచిలో పెట్టి, ఒక భుజాన గొంగడి, ఒక భుజాన రేడియో వేసుకుని మంద వెంట పోయేవాడు. బ్యాటరీలు నీరసపడితే రాతి మీద ఎండబెట్టేవాడు, అమ్మ మిరపకాయలు ఎండబెట్టినట్టు. సాయంత్రం ప్రాంతీయ వార్తల ముందు వచ్చే ఆ రాగం వినపడగానే మా మంద మొత్తం లేచి ఇంటిదారి పట్టేది. వార్తల వల్ల మేలు పొందిన ప్రాణులు మా జిల్లాలో ఎవరైనా ఉన్నారంటే ఆ గొర్రెలే.

మిగతావాళ్ళకు ఏం దొరికేదో చెబుతాను. రాజకీయం అంటే ఏ మంత్రి ఎక్కడ రిబ్బన్ కత్తిరించాడో చెప్పడం. సంస్కృతి అంటే పానగల్ గుళ్ళు. ఆ గుళ్ళ స్తంభాల మీద చెక్కిన బొమ్మల నడుములు ఎంత సన్నమో వారం వారం చెప్పేవాళ్ళు. పక్క ఊళ్ళలో ఫ్లోరైడ్ కలిసిన బోరు నీళ్ళకు వంగిపోయిన నడుముల గురించి మాత్రం ఏడాదికొకసారి, సామాజిక సమస్యల కింద, ఒక డాక్టర్‌ను పిలిచి మాట్లాడించేవాళ్ళు. ఆయన మెల్లగా, దగ్గుకుంటూ, శుభ్రమైన నీళ్ళే తాగాలనీ పాలు, పండ్లు బాగా తీసుకోవాలనీ చెప్పేవాడు.

మా అవ్వ పసుపు పళ్ళు బయటపెట్టి నవ్వేది. "పాలు తాగుమంటాండు, పండ్లు తినుమంటాండు. మంచి సుట్టమోలె ఉన్నడు. గాయన ఇల్లేడనో కనుక్కో పోరీ, పోయి ఒక నెల ఉండొద్దాం."

నాకు రేడియో గొంతులన్నీ వచ్చేవి. వార్తల ఆయన గొంతు, పంటల సలహాల ఆయన గొంతు, ఆ డాక్టర్ దగ్గు కూడా. ఏడో తరగతిలో ఒక మధ్యాహ్నం బల్ల ఎక్కి, "ఇప్పుడు హెడ్‌మాస్టరు గారు నిద్రపోతున్నారు, తదుపరి విశేషాలు వారు లేచిన తర్వాత" అని వార్తలు చదివాను. వారు అప్పటికే లేచి నా వెనకాల నిలబడి ఉన్నారు. ఆ తర్వాత నేను బడి మానేశాను. మానేశాను అనడం మర్యాద కోసం. బాపు నాకొక కర్ర కోసి ఇచ్చాడు. మంద వెనక నడవడం అట్లా మొదలైంది.

అవ్వకు మా చుట్టుపక్కల ఒక పేరుండేది. ఎవరింట్లో చావు జరిగినా ఆమెను పిలుచుకుపోయేవాళ్ళు. పీనుగు పక్కన కూర్చుని, రాగం తీసి, పోయినవాళ్ళ బతుకంతా చెప్పి ఏడ్చేది. దాన్ని మేం శోకం పెట్టడం అంటాం. శోకంలో దాపరికం ఉండదు. చూసుకున్న కోడలి పేరు వస్తుంది, చూసుకోని కొడుకు పేరూ వస్తుంది. అందుకే అవ్వ ఏ ఇంటి గడప తొక్కినా కొడుకులంతా గబగబా నీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. వెనకనుంచి రాగం అందుకోవడానికి నన్ను తీసుకుపోయేది. నేను చదివిన పెద్ద చదువు అదే.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు రేడియోకు నాలుక మారింది. నిన్నటిదాకా "విచ్చేసియున్నారు" అన్నవాళ్ళే ఇవాళ "గీ" అని మొదలుపెట్టారు. మాట ముందొక గీ, మాట వెనకొక గట్ల, నడుమంతా పాత సరుకే. "గీ రోజు గీ సభకు ముఖ్య అతిథి గట్ల విచ్చేసియున్నరు" అని ఒకామె చదువుతుంటే నేను గుట్ట మీద దొర్లి దొర్లి నవ్వాను.

బాపు మాత్రం మురిసిపోయాడు. "మన మాట రేడియోలకు వచ్చింది బిడ్డా. ఇగ మన ముచ్చట గూడ వస్తది."

అవ్వ తమలపాకు నములుతూ, "మాట పోయింది కొడుకా. మనల మోసుకపోయిన్రా మరి?" అంది.

ఆ ఏడే బంచరాయిలో కడీలు పడ్డాయి. బంచరాయి అంటే ఊరందరి మేత జాగా. గుట్ట కింద గడ్డి, చిన్న రేగుపండ్లలాంటివి కాసే పరికి కంపలు, సీతాఫలం పొదలు, వానాకాలం చిన్న కుంట. ఎవరి పేరా ఉండదు, అందుకే అందరిదీ. ఎవరి పేరా లేనిది తన పేర ఉంటే తప్పేంటని మా పాత సర్పంచ్‌కు తోచింది. హైవేకు దగ్గర గనక ప్లాట్లు చేసి అమ్ముదామని, రాతి కడీలు తెచ్చి హద్దులు పాతించడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి నేను ఆయన్ను కడీలాయన అనేదాన్ని. ఊరంతా అదే అందుకుంది.

ఆ జాగా పోతే మా మందకు మేత లేదు. మంద లేకపోతే బాపుకు వేరే పని రాదు. సంగతి అంతే. బాపు చెప్పుల తోళ్ళు అరిగేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒకచోట ఇంకోచోటికి పొమ్మన్నారు, ఆ ఇంకోచోట మొదటిచోటికే పొమ్మన్నారు. చివరికి ఒక సాయంత్రం రేడియో సంచి తట్టి, "దీనికే చెప్పుదాం" అన్నాడు. రేడియోలో ఒక మాట వస్తే సర్కారు చెవిన పడ్డట్టేనని ఆయన నమ్మకం. గుడిలో దేవుడి కంటే గట్టిగా నమ్మేవాడు.

ఊళ్ళవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం ఒకటి వచ్చేది. మా ఇంట్లో నోరు నాది కనక ఫోన్ నా చేతికిచ్చారు.

"చెప్పండమ్మా, గీ కార్యక్రమం ఎట్ల అనిపిస్తుంది?"

"మంచిగున్నది మేడం. మా ఊరి బంచరాయిల కడీలు వాతుతున్నరు మేడం, మా పాత సర్పంచు..."

"మీకు ఏ పాట కావాలమ్మా?"

"పాట కాదు మేడం, జాగా..."

"లైన్ సరిగ్గా లేదమ్మా, మీ మాట వినపడట్లేదు."

"లైన్ మంచిగనే ఉన్నది మేడం. మీది నాకు సాఫ్ ఇనొస్తాంది."

అటువైపు కాగితాల చప్పుడు. నాకు ఒళ్ళు మండింది. "మీరు పట్టించుకోకుంటె మా అవ్వ శోకం వెడ్తది. ఊర్లు ఊర్లు ఏడుస్తయి ఆమె రాగం తీస్తె. గా ఉసురు మీకు తగుల్తది."

అప్పుడు ఒక మగ గొంతు అందుకుంది. "మీ అవ్వగారు రాగం తీసి శోకాలు పాడతారా? లైన్‌లో ఉండండమ్మా." ఉన్నట్టుండి లైన్ బ్రహ్మాండంగా ఉంది. ఊరెక్కడ, వ్యాన్ వస్తుందా, అవ్వకు దగ్గు గిట్ల లేదు కదా అన్నీ అడిగాడు. జాగా ఎక్కడో మాత్రం అడగలేదు.

వాళ్ళొచ్చే రోజు ఊరంతా పెళ్ళికి పోయినట్టు తయారైంది. రేడియోలో బట్టలు కనపడవని నేనెంత చెప్పినా అమ్మ పట్టుచీర పెట్టెలోంచి తీసింది. ఫోన్లో మాట్లాడిన ఆ రేడియో సారు వ్యాన్ దిగాడు. ఖద్దరు లాల్చీ, భుజానికి గుడ్డ సంచి, కొత్తగా రంగేసిన జుట్టు. ఆయన వెంట రికార్డు చేసే మిషను పట్టుకున్న ఒకాయన.

బాపు మా పెద్ద గొంగడి పరిచాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళల్లో ఆ గొంగడిని ఊరికే పరచరు. పెళ్ళి మాట ఖాయం చేసుకోవాలన్నా, అన్నదమ్ములు మంద పంచుకోవాలన్నా దాని మీద కూర్చునే. దాని మీద అన్న మాటను మార్చుకున్నవాడు మాకు మళ్ళీ మనిషి కాదు. సారుకు అది చాప. కూర్చుని, కాళ్ళు ముడుచుకుని, గుచ్చుకుంటుంటే తొడలు గోక్కుంటూ, "అవ్వా, గిక్కడ గిట్ల కూసుంటే ఎంత హాయిగుందో" అన్నాడు.

"గోక్కో కొడుకా, సిగ్గుపడకు," అంది అవ్వ.

మొదట మామూలుగా మాట్లాడించి మిషను చూసుకున్నారు. సారు తృప్తి పడలేదు. "అవ్వా, ఇంకొంచెం యాస పెంచాలి. మన శ్రోతలకు మన మట్టి వాసన రావాలి."

"ఇంకేడికెల్లి తేవాలె బిడ్డా? నోట్లున్నది గిదే. మన్ను వాసన కావాల్నంటె అగో, గొర్ల దొడ్లె గంపెడున్నది."

మిషనాయన తల దించుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. సారు గొంతు సవరించుకుని అసలు పనికి వచ్చాడు. "ఒక శోకం అందుకోండవ్వా."

"ఎవలు సచ్చిన్రు?"

"ఎవరూ చావలేదు. ఊరికే, ఉత్తుత్తిగా."

అవ్వ మొహం మారింది. పీనుగు లేకుండా శోకం పెడితే ఇంట్లోకి పీనుగు వస్తుందని మా భయం. "ఉత్తుత్తిగ ఏడ్వరు కొడుకా. ఎవలన్న పోవాలె. నీకంత తొందరుంటె నువ్వన్న పండు, నేను మొదలువెడ్త."

సారు నిజంగానే గొంగడి మీద రెండు జానలు వెనక్కి జరిగాడు. ఊరంతా నవ్వింది. నవ్వు ఆగాక అవ్వ బాపు మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"మాకొకటి సావ తయారుగున్నది," అంది. "దానికేడుస్త. కాని సంపేటోని పేరు గూడ వస్తది. శోకంల పేరు దాయద్దు. మొత్తం ఏస్తవా? ముక్క తియ్యవా?"

"ఒక్క ముక్క తీయం అవ్వా. మీ మాట మీ మాటగానే జనంలోకి పోతుంది," అన్నాడు సారు, గొంగడి మీద కూర్చుని, రెండు అరచేతులూ దాని మీదే ఆనించి.

బాపు కళ్ళు మెరిశాయి. పని అయిపోయిందనే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. చాపకూ గొంగడికీ తేడా తెలియని మనిషి దగ్గర ప్రమాణం చేయించుకున్నామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

బంచరాయిలో కొత్త కడీ పక్కన అవ్వ కూర్చుంది. కొంగు నెత్తి మీద కప్పుకుని, ఆ రాతిని పీనుగు తలను నిమిరినట్టు నిమిరి, రాగం తీసింది.

"ఓ నా బంచరాయీ, ఓ నా తల్లీ,
గొర్రెకు గడ్డివైతివి, గొల్లోనికి బువ్వవైతివి,
వానొస్తె పచ్చగైతివి, ఎండల పరికిపండువైతివి,
నిన్న మొన్న మంచిగుంటివి, గింతల నీకేమాయెనే తల్లీ,
నీ వాకిట్లకు ఎవ్వలొచ్చిరే, ఎవ్వలొచ్చిరే..."

అక్కడ పేరు. కడీలాయన ముందు పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, అన్నీ రాగంలో, ఒక్కొక్కటీ సాగదీసి. తర్వాత ఆయన తెచ్చిన కడీలు, తల్లి రొమ్ము మీద పాతిన గుంజలు. కుంట ఎక్కడ, పాత హద్దు రాయి ఎక్కడ, దాన్ని పీకి ఏ బావిలో పడేశారో కూడా చెప్పింది. వెనకనుంచి నేను అందుకున్నాను. ఆడవాళ్ళంతా ఏడ్చారు. బాపు మంద వైపు తిరిగి నిలబడ్డాడు. సారు కూడా చేతి రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు, ఒత్తుకుని, "అద్భుతం, ఇంకొకసారి చేద్దామా?" అన్నాడు.

"తల్లి ఒక్కపారే సస్తది కొడుకా," అంది అవ్వ, లేచి దులుపుకుంటూ.

వెళ్ళే ముందు అవ్వ ఆ గొంగడిని మడిచి సారు భుజాన వేసింది. మా బరువు నీ మీద పెట్టామని దానర్థం. ఆయన తడిమి చూసి, "ఎంత చక్కటి హస్తకళ" అన్నాడు. అమ్మ పొద్దున్నుంచీ వండిన తలకాయ కూర, రొట్టెలు అట్లాగే ఉన్నాయి. అన్నం మాత్రం కడీలాయన ఇంట్లో తిన్నారు. నాటుకోడి అని తర్వాత తెలిసింది. తిన్నాక ఆయన చేత కూడా గ్రామాభివృద్ధి గురించి నాలుగు మాటలు చెప్పించుకుని పోయారట.

అయినా ఆ తర్వాత కొన్నాళ్ళు కడీలు పాతడం ఆగిపోయింది. తన పేరు రేడియోకెక్కిందని కడీలాయనకు చెప్పనివాళ్ళు లేరు. ఒకరోజు మందకు అడ్డమొచ్చి బాపును అడిగాడు, "నా పేరు గూడ తీసిందటగా మీయమ్మ?"

"పండుగ నాడు వస్తదట. ఇను పటేలా," అన్నాడు బాపు. ఆయన ముందు తల ఎత్తి మాట్లాడటం బాపుకు అదే మొదలు. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

పండుగ పొద్దున మా వాకిలి నిండిపోయింది. బాపు రోలు బోర్లించి, దాని మీద తువ్వాల పరిచి, రేడియో పెట్టాడు. బ్యాటరీలు కొత్తవి. పిల్లలు ఏడిస్తే తల్లులు నోళ్ళు మూశారు.

ముందు ఆ జిలేబీ గొంతు వచ్చింది. చుట్టపక్కాలు, ఆనందగీతం. మేం మాది కాదనుకున్నాం. తర్వాత డప్పు మొదలైంది. అవ్వ ఎవరింట్లోనూ డప్పు మీద ఏడ్చింది లేదు. "గొర్రెకు గడ్డివైతివి, గొల్లోనికి బువ్వవైతివి." డప్పు. "వానొస్తె పచ్చగైతివి." డప్పు. ఎక్కిళ్ళన్నీ తీసేశారు. నీకేమాయెనే అన్నది తీసేశారు. "నీ వాకిట్లకు ఎవ్వలొచ్చిరే, ఎవ్వలొచ్చిరే." అక్కడ, సరిగ్గా పేరు రావలసిన చోట, ధడేలుమని ఒక దెబ్బ. ఆ దెబ్బ కింద తండ్రి పేరుతో సహా పేరంతా నలిగిపోయింది. "పండుగకు చుట్టాలొచ్చిన సంబరం విన్నారు కదా" అంది ఆమె. తర్వాత గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఎప్పుడు తాగించాలో చెప్పడం మొదలైంది.

బాపు మెల్లగా వంగి, రేడియో చెవి తిప్పడం మొదలుపెట్టాడు. ఈ కొసనుంచి ఆ కొస దాకా. గరగర, ఏదో హిందీ పాట, మళ్ళీ గరగర. ఆ కొసకు పోయి మళ్ళీ వెనక్కి.

"ఏం చేస్తున్నవ్ బాపూ?"

"మిగిలింది ఇంకో టేషన్ల వస్తదేమో బిడ్డా," అన్నాడు.

ఊళ్ళో ఎవరు జారిపడ్డా ముందు నవ్వేదాన్ని నేను. ఆరోజు బాపు వేళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాను. బాపు చెవి పట్టుకుని తిప్పుతూనే ఉన్నాడు, చిన్న చిన్నగా, పోయిన గొర్రెపిల్లను పొదల్లో వెతికినట్టు. చివరికి అవ్వే అంది, "బందువెట్టు కొడుకా. దానికి గొంతు నొస్తాంది."

కాసేపటికి కడీలాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. మొహమంతా నవ్వు. "మన ఊరి పేరు రేడియోల మోగిచ్చినవ్ పెద్దమ్మా. నోరు తీపి చేసుకో."

అవ్వ ఒక మిఠాయి తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది. "డప్పు మస్తు కొట్టిచ్చినవ్ బిడ్డా. ఆ దెబ్బకే నీ పేరు ఇనరాలె. ఫికర్ చెయ్యకు, ఇంకోపారి ఇనొస్తది." మిఠాయి మాత్రం మా కుక్కకు వేసింది. కుక్క తిన్నది. దానికి రాజకీయం తెలియదు.

నేను సారుకు ఫోన్ చేశాను. "గొంగడి మీద కూసోని చెప్పిన్రు గద సారూ, ఒక్క ముక్క తియ్యమని."

"టైము సరిపోదమ్మా, మాకూ కొన్ని పద్ధతులుంటాయి. గొంగడి మాత్రం భలే ఉంది. ఆఫీసులో గోడకు తగిలించాం, వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు."

నాకు తెలిసిన బూతులన్నీ వార్తల ఆయన గొంతుతో చదివి వినిపించాను. అవి కూడా ప్రసారం కాలేదు.

పండుగ వెళ్ళిన వెంటనే జేసీబీ వచ్చింది. పరికి కంపలు, పొదలు, కుంట, అంతా ఒక్క పూట పని. మంద కొనడానికి ఆలేరు దిక్కునుంచి బేరగాళ్ళు వచ్చారు. గొర్రెలను లారీ ఎక్కిస్తుంటే బాపు ఒక్కోదాని చెవి పట్టుకుని పైకి అందించాడు, ఏ గొర్రెకు ఏ కాలు నొప్పో బేరగాడికి చెబుతూ. వాడు కోతకు కొన్నాడని తెలిసీ చెప్పాడు. ఆ సాయంత్రం పక్కింట్లో ఎవరి ఫోన్లోనో ప్రాంతీయ వార్తల రాగం వచ్చింది. మంచం మీద పడుకున్న బాపు దిగ్గున లేచి కర్ర అందుకున్నాడు. దొడ్డి ఖాళీగా ఉంది. కర్ర మళ్ళీ గోడకు ఆనించి, కూర్చున్నాడు. రేడియో ఆ తర్వాత ముట్టలేదు. సంచిలో ఎలుకలు పిల్లలు పెట్టాయి.

అవ్వ మరి రెండు వానాకాలాలు బతికింది. నడుము పూర్తిగా వంగిపోయి, దవాఖాన మంచం మీద కూడా సాపుగా పడుకోలేక పోయింది. ఒకరోజు నర్సు టీవీ పెట్టబోతే, "వద్దు బిడ్డా, వాళ్ళకు నన్ను జూపియ్యకు, పెండ్లిపిల్ల అంటరు," అంది. ఆమెకు శోకం నేనే పెట్టాను. పేర్లన్నీ వచ్చాయి. ఆరోజు డప్పు కొట్టేవాళ్ళను కాసేపు ఆగమన్నాను.

రేడియోవాళ్ళు మాత్రం ఆమెను పోనివ్వలేదు. ఏ పండుగొచ్చినా అదే ముక్క తీసి, దుమ్ము దులిపి, సంస్కృతి అని వేస్తారు. కొట్టు పెట్టిన కొత్తలో అది రాగానే రేడియో కట్టేసేదాన్ని. ఒక పండుగకు చేతులు బజ్జీల పిండిలో ఉండి కట్టలేకపోయాను. "ఎవ్వలొచ్చిరే, ఎవ్వలొచ్చిరే" అని అవ్వ అడిగింది. డప్పు దెబ్బ పడకముందే, రాగం అందుకునే అలవాటు కదా, నా నోట్లోంచి ఆ పేరు మొత్తం వచ్చేసింది. ముందు పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు. టీ తాగుతున్న డ్రైవర్లు ఇదేందని అడిగారు, చెప్పాను. తర్వాతి పండుగకు వాళ్ళూ అందుకున్నారు. లారీ డ్రైవర్లకు ఒక పేరు చెబితే విజయవాడ దాకా పోతుంది. సర్కారు చెవికి పోయిందో లేదో తెలియదు గానీ, ఈ రోడ్డు మీద చాలా దాబాల్లోకి పోయింది.

ఇప్పుడు మొన్నటి పండుగ సంగతి. తెల్ల కారులోంచి దిగింది కడీలాయనే. జుట్టు మొత్తం నెరిసింది, చేతిలో మూడు ఫోన్లు. నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆయన మా వైపు సరిగ్గా చూసిందెప్పుడు? "చక్కెర లేకుండ ఒకటి" అని, ఎటో ఫోన్ చూసుకుంటూ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. రేడియోలో అవ్వ పరికిపండు దాకా వచ్చింది. నేను ఎవరికీ సైగ చేయలేదు. చేయాల్సిన పని కూడా లేదు, ఆయన మొహం వాళ్ళలో ఎవరికీ తెలియదు, పేరే తెలుసు.

"నీ వాకిట్లకు ఎవ్వలొచ్చిరే, ఎవ్వలొచ్చిరే..."

బల్ల మీద ఉన్నవాళ్ళంతా, నా మాట విని టీలోకి చూసుకున్న ఆ కొత్తవాడు తప్ప, ఒక్క గొంతుతో ఆ పేరు అరిచారు. ఇంటిపేరుతో సహా.

కడీలాయన ఫోన్ దించి గిరుక్కున తిరిగాడు. "ఆఁ, నేనే. వచ్చిన. ఏంది?"

డప్పు దెబ్బ అప్పుడు పడింది.

డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఆయన ఒక్కొక్క మొహం చూశాడు, రేడియో వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. టీ ముట్టకుండానే కారెక్కాడు. ఆ టీ నేను పారబోయలేదు. అవ్వ పేరు తలుచుకుని, చక్కెర వేసుకుని తాగాను.

ఇంటికి పోయి బాపుకు చెప్పాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, "మిగిలింది నీ కొట్లె వస్తాందన్న మాట," అన్నాడు.

ఆ పేరు ఇక్కడ రాద్దామని కలం పట్టుకున్నాను. కానీ అచ్చు వేసేవాళ్ళ బల్ల మీద కూడా కత్తెర ఉంటుందని నాకు తెలుసు, పేరున్న చోట పువ్వు బొమ్మ వేస్తారు. మీకు కావాలంటే పండుగ పొద్దున చిట్యాల రండి. కొట్టు పేరు అక్కర్లేదు, రేడియో గట్టిగా మోగుతుంటుంది. టీ తాగండి. అవ్వ అడుగుతుంది. మేం చెబుతాం.